పాత సామాన్ల బండి వద్దన్నదే మన ముడిసరుకు

(ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ హాలులో కాలనీవాసులు, బడి ఉపాధ్యాయుల ముందు ఒక చిత్రకళ టీచరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పక్కనున్న బల్లల మీద మాత్రం ఎవరూ కూర్చోకండి. వాటి మీద పరిచిన సరుకుతో తర్వాత పని ఉంది.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. బడికి వెళ్లే పిల్లలు ఇంట్లో ఎవరికి ఉన్నారు? చాలామందికి ఉన్నారు. వారిలో, 'పనికిరాని వస్తువులతో బొమ్మ చేసి తీసుకురండి' అని బడి నుంచి కబురు వచ్చినవారు? అందరూ. సరే, ఆ పనికిరాని వస్తువులను కొనడానికి దుకాణానికి పరుగెత్తినవారు? నవ్వుతున్నారు కానీ చేతులు ఎత్తడం లేదు. ఎత్తండమ్మా, మొహమాటం వద్దు.

ఏం కొంటాం? ఐస్‌క్రీమ్ పుల్లల కట్ట. ఐస్‌క్రీమ్ ఎవరూ తినలేదు, పుల్లలు మాత్రం కొత్తవి, కట్ట కట్టి అమ్ముతారు. థర్మోకోల్ పలక. మెరుపుల పొడి. రంగు కాగితాలు. అందులో పాతదంటూ ఉంటే అది ఒక్క నీళ్ల సీసా. ఒక్కోసారి అదీ కొత్తదే, ఉన్న నీళ్లు తాగేసి ఖాళీ చేస్తాం. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడు నిద్రపోతాడు, అమ్మ కూర్చుని పదకొండింటి దాకా బొమ్మ చేస్తుంది. పొద్దున పిల్లవాడు దాన్ని బస్సులో జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని వెళతాడు. బహుమతి వస్తుంది. ఎవరికి వచ్చినట్టు? అమ్మకి వచ్చినట్టు. వారం తర్వాత ఆ బొమ్మ ఎక్కడ ఉంటుంది? చెత్తబుట్టలో. అంటే చెత్త లేని చోట కొత్తగా చెత్త తయారు చేశాం. దానికి ఒక పోటీ, ఒక బహుమతి కూడా పెట్టుకున్నాం.

ఇంకో మాట. అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ ఐస్‌క్రీమ్ పుల్లలు, ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, ఇవన్నీ మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించిన జాబితాలో ఉన్నాయి. పర్యావరణ దినోత్సవం రోజున నిషేధించిన సరుకుతో పర్యావరణం బొమ్మ చేసి బడి గేటు దగ్గర నిలబెడతాం. మాస్టార్లు ఇక్కడ ఉన్నారు, నా మీద కోపం తెచ్చుకోకండి. నేనూ మీ వంటి ఉద్యోగమే చేశాను.

ఇప్పుడు ఆ నీళ్ల సీసా సంగతి. ఖాళీ సీసాను ఏమీ చేయకుండా పాత సామాన్ల బండికి ఇచ్చామనుకోండి, ఏమవుతుంది? తుక్కు దుకాణానికి వెళుతుంది. అక్కడ రకాలవారీగా వేరు చేస్తారు. మూట కట్టి పంపుతారు. దాన్ని ముక్కలు చేసి, కడిగి, కరిగించి దారంగా తీస్తారు. ఆ దారంతో చొక్కా గుడ్డ, దుప్పటి, దిండులోపలి దూది వంటివి వస్తాయి. అదే సీసాకు మనం ఎనామిల్ రంగు పూసి, ఫెవికాల్ రాసి, మెరుపుల పొడి చల్లి పూలకుండీ చేశామనుకోండి. ఇక దాన్ని ఎవరూ తీసుకోరు. ఒక దారి ఉన్న వస్తువుకు ఆ దారి మూసేసింది ఎవరు? మనమే. కళ పేరుతో మూసేశాం.

అందుకే పిల్లలు, పెద్దలు ఆదివారాలు వచ్చి బొమ్మలు చేసే మా తరగతికి ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. పాత సామాన్ల బండి ఏది తీసుకుంటుందో అది మన బల్ల మీదికి రాకూడదు. బండి అతను వద్దని పక్కన పెట్టిందే మన ముడిసరుకు. ఈ నియమం నాకు చెప్పింది కూడా మా వీధికి వచ్చే బండి అతనే. మా ఇంటి మూటలో నుంచి ఒక్కొక్కటే తీసి, ఇది పోతుంది, ఇది పోదు అని రెండు కుప్పలు పోశాడు. పోనిది అన్న కుప్ప చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది. ఎన్ని రంగులో!

ఏమేమి తీసుకుంటాడు? వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, ఇనుము, అల్యూమినియం, నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, పాల కవర్లు. వాటి జోలికి మనం వెళ్లం. పాల కవరును కత్తిరించేటప్పుడు ఆ మూల ముక్కను పూర్తిగా తెంపేయకండి, కవరుకే అంటి ఉండనివ్వండి. అంత చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది కాలువలోకి పోతుంది. ఇది కళకు సంబంధించిన మాట కాదు, గుర్తొచ్చింది కాబట్టి చెప్పాను.

ఏమేమి తీసుకోడు? చిప్స్ పొట్లాలు. లోపల వెండిలా మెరుస్తుంది చూడండి, అది ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత. రెండింటినీ విడదీయడం కష్టం, అందుకే దానికి ధర పలకదు. పాత థర్మోకోల్, లోపలంతా గాలే, బండెడు ఎత్తినా బరువు తూగదు. మాత్రల అట్టలు. రాయని పెన్నులు, రీఫిళ్లు. పగిలిన గాజులు. తెగిన జిప్పులు, జత లేని గుండీలు. టైలరు దుకాణంలో సాయంత్రం ఊడ్చి పోసే జాకెట్టు ముక్కలు. ఆ పట్టు అంచుల రంగులు ఏ రంగుల పెట్టెలోనూ దొరకవు. కొబ్బరి చిప్పలు, తాటి టెంకలు, చింతగింజలు. సైకిల్ దుకాణంలో పారేసే ట్యూబులు. ఒంటి చెప్పులు.

శుభలేఖలు! శుభలేఖల సంగతి విడిగా చెప్పాలి. మాఘం నుంచి వైశాఖం దాకా ప్రతి ఇంట్లో ఒక దొంతర పోగవుతుంది. పారేయలేం. ఎందుకు? పైన వినాయకుడి బొమ్మ ఉంటుంది. చెత్తలో వేయడానికి చేతులు రావు, తొక్కడానికి కాళ్లు రావు. అలా బీరువా మీద ఏళ్ల తరబడి పడి ఉంటాయి. మా తరగతికి వచ్చే ఒక పెద్దావిడ దీనికి మార్గం చూపించారు. కార్డు వచ్చిన వెంటనే దేవుడి బొమ్మను కత్తిరించి ఒక డబ్బాలో వేస్తారు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు ఆ బొమ్మలన్నింటినీ వరసగా దారానికి గుచ్చి పై మెట్టుకు తోరణం కడతారు. మిగిలిన కార్డు మనది. అంత మందం కాగితం, అంత బంగారు అచ్చు, కొంటే ఎంత అవుతుందో లెక్క వేయండి.

ఇది ఏదో విదేశాల నుంచి వచ్చిన కొత్త ఆలోచన అనుకోకండి. పెద్దవారు ఉన్నారు, చెప్పండి, పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, కుండ బోర్లించి దాని మీద మెత్తి బుట్టలు చేసేవారా, లేదా? అదిగో, తలలు ఊపుతున్నారు. మెంతులు ఎందుకు? జిగురు కోసం, పురుగు పట్టకుండా ఉండడం కోసం. పాత చీరలు నాలుగు పొరలు వేసి బొంత కుట్టేవారు. ఆ బొంతలో ఏ చీర ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. కొండపల్లి బొమ్మ తీసుకోండి. తెల్లపొణికి కర్రను చెక్కిన తర్వాత చేతులు, కాళ్లు, తల వేరువేరుగా అతికించడానికి వాడేది ఏమిటి? మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తినేసిన చింతపండు గింజ ఒకటి, కోయగా రాలిన పొట్టు ఒకటి. రెండూ పారేసేవే. వందల ఏళ్లుగా మన బొమ్మలను పట్టి ఉంచింది ఆ ముద్దే. మా తరగతిలో చింతగింజల జిగురే వాడతాం. గింజలు వేయించి, పైపొట్టు తీసి, పిండి చేసి నీళ్లలో ఉడికిస్తే చాలు. గోడపత్రికలు అంటించేవారు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు రాకుండా. అది విషం. పిల్లలున్న చోట వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే పురుగు భయమే లేదు.

చండీగఢ్ వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? రాక్ గార్డెన్ చూశారా? పారేసిన సరుకుతో చేసిన శిల్పాల తోట అది. దాన్ని కట్టిన నేక్ చంద్ శిల్పి కాదు. శిల్పకళ ఎక్కడా చదువుకోలేదు. రోడ్ల ఇన్‌స్పెక్టరు. 1947 విభజనలో సొంత ఊరు ఇప్పటి పాకిస్తాన్ వైపు ఉండిపోతే ఇటు వచ్చిన మనిషి. కొత్త నగరం కోసం అక్కడున్న పల్లెలను పడగొట్టారు. ఆ శిథిలాల్లో విరిగిన పింగాణీ, పెంకులు, గాజులు, కరెంటు సామగ్రి, ఇవన్నీ ఆయన సైకిల్ మీద మోసుకెళ్లి, సుఖ్నా సరస్సు దగ్గర అడవిలో దాచేవాడు. అది ప్రభుత్వ భూమి, ఎవరూ ఏమీ కట్టకూడని చోటు. పగలు ఉద్యోగం, చీకటి పడ్డాక ఈ పని. 1957 ప్రాంతంలో మొదలుపెడితే 1970ల మధ్య దాకా అధికారులకు తెలియనే లేదు. తెలిశాక కూల్చేస్తారనుకున్నారు. జనం పట్టుబట్టారు. 1976లో దాన్ని అందరి కోసం తెరిచి, ఆయనకు జీతం ఇచ్చి, యాభై మంది పనివారిని కూడా ఇచ్చారు. 1984లో పద్మశ్రీ. 2015లో కన్నుమూశారు.

నేను అక్కడ మెచ్చుకున్నది ఆ శిల్పాల అందం ఒక్కటే కాదు. ఒక వరస బొమ్మలకు ఒంటి నిండా గాజు ముక్కలే, ఇంకో వరసకు పింగాణీ ముక్కలే. అంటే ఆయన చేతిలో సగం పని ఏరడం. వేటిని వేటితో కలపాలో, వేటిని కలపకూడదో చూసుకోవడం. మనం ఏం చేస్తాం? అన్నీ ఒక సంచిలో పోసి, పిల్లల ముందు కుమ్మరించి, ఏదో ఒకటి చేయండి అంటాం. పిల్లలకు ఏమీ తోచదు. ఎందుకు తోస్తుంది? కుప్పలో ఏదీ కనబడదు కదా. అదే గుండీలన్నీ ఒక పళ్లెంలో, మూతలన్నీ ఒక పళ్లెంలో, నీలం రంగువన్నీ ఒక పక్క పెట్టి చూడండి. చేతులు వాటంతట అవే వెళతాయి.

కాబట్టి మా తరగతి సంతతో మొదలవుతుంది. నిజం సంతే. ఎవరు తెచ్చిన సరుకు వారు నేల మీద గోనెపట్టా పరిచి వేరువేరుగా పేరుస్తారు. తర్వాత మారకం. డబ్బు లేదు. రెండు ఎర్రగాజు ముక్కలకు ఒక జిప్పు. మూడు మూతలకు ఒక పట్టు పీలిక. ఎనిమిదేళ్ల పిల్ల ఎలా బేరం ఆడుతుందో మీరు వచ్చి చూడాలి. 'ఈ గుండీకి నాలుగు చిల్లులున్నాయి, మీదానికి రెండే' అంటుంది. అలా అనాలంటే వస్తువును ఎంత దగ్గరగా చూసి ఉండాలి? నేను అరగంట ఉపన్యాసం చెప్పినా ఆ చూపు రాదు. బడిలో మాటే ఆడని ఒక అబ్బాయి సంతలో మాత్రం గొంతెత్తి అరుస్తాడు, 'రీఫిళ్లు, రీఫిళ్లు' అని. వాళ్ల అమ్మ కిటికీలోంచి చూసి లోపలికి రావడానికి భయపడింది, తనను చూస్తే ఆపేస్తాడేమో అని.

సంత అయ్యాక రెండు ముక్కల ఆట. ఒక్కొక్కరు రెండే వస్తువులు తీసుకోవాలి. పక్కపక్కన పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పెట్టాలి, తిప్పాలి. జిగురు లేదు, కత్తెర లేదు. చుట్టూ ఉన్నవారు అదేమిటో చెప్పాలి. స్పెయిన్‌లో పుట్టిన పేరున్న చిత్రకారుడు పికాసో 1942లో సైకిల్ సీటు ఒకటి, హ్యాండిల్ ఒకటి తీసుకుని ఎద్దు తల చేశాడు. అంతే, రెండే వస్తువులు. సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. పిల్లలకు ఇది ముందు చెప్పను. ఆట అయ్యాక ఫోటో చూపిస్తాను. 'ఇది మేమూ చేశాం కదా' అంటారు, గొప్పవాడిని చూశామన్న బెరుకు లేకుండా. ఎద్దు అని ఒకరు, గబ్బిలం అని ఒకరు, మా తాత మీసాలు అని ఇంకొకరు. మూడూ ఒప్పే.

ఇప్పుడు టీచర్లకు ఒక మాట. నమూనా చూపించకండి. నేను ముందు ఒక చేప చేసి బల్ల మీద పెట్టానంటే ఆ రోజు తరగతిలో ముప్పై చేపలు పుడతాయి. అన్నీ నా చేప కంటే కొంచెం వంకరగా ఉంటాయి, ఆ వంకరను చూసి ముప్పై మంది పిల్లలూ తమకు రాదనుకుంటారు. రెండోది, పిల్లల బొమ్మను సరిచేయకండి. చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. తోక ఊడిపోతుంటే పట్టుకోవాలనిపిస్తుంది. ఊడిపోనివ్వండి. పడేసిన వస్తువులతో చేయడంలో ఉన్న పెద్ద సుఖం అదే కదా, పాడైతే పోయేది ఏమిటి? కొత్త కాగితం, కొత్త రంగులు ఇచ్చి చూడండి. పిల్లలు ముందు ఒక మూల చిన్న పువ్వు వేసి ఆగిపోతారు. పాడు చేస్తే అమ్మ తిడుతుంది, కాగితం ఖరీదైనది. చిప్స్ పొట్లం పాడైతే ఎవరు తిడతారు?

పెద్దల సంగతి వేరు. పెద్దలు వస్తే ముందు నాలుగు మాటలు తప్పకుండా అంటారు: నాకు బొమ్మలు వేయడం రాదండి, మా పాపను దింపడానికి వచ్చానండి, నేను ఇక్కడే కూర్చుంటానండి, నన్ను వదిలేయండి. సరే అంటాను. గుండీలు ఏరి పెట్టమంటాను. ఏరడానికి కళ రానక్కర్లేదు కదా. ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు గారు అలాగే మొదలుపెట్టారు. సైజుల వారీగా, తర్వాత రంగుల వారీగా, తర్వాత వాటిని వరసల్లో. ఒక గంట తర్వాత తలెత్తి చూస్తే బల్ల మీద ముగ్గు ఉంది. ఆయన వేశానని ఇప్పటికీ ఒప్పుకోరు. 'లెక్క కోసం పెట్టానమ్మా' అంటారు.

పెద్దల కోసం ఇంకో ఆట ఉంది, చేతులు మారే బొమ్మ. గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరూ ఒక బొమ్మ మొదలుపెట్టాలి. ఐదు నిమిషాలకు చప్పట్లు కొడతాను. ఎవరి బొమ్మను వారు కుడిపక్కవారికి ఇచ్చేయాలి. అప్పుడు మీరు ముఖాలు చూడాలి! నా బొమ్మకు ఆవిడ తోక ఎందుకు పెట్టింది, నేను ఇల్లు అనుకుంటే ఆయన ఏనుగు చేశాడు. పిల్లలు నవ్వుతూ ఇచ్చేస్తారు, పెద్దలు పట్టుకుని లాగుతారు. అత్తాకోడళ్లను మాత్రం పక్కపక్కన కూర్చోబెట్టను. లేదు, లేదు, ఊరికే అన్నాను, కూర్చోబెడతాను. బాగుంటుంది.

అతికించడం గురించి చెప్పి ముందుకు వెళతాను. ఎల్ అనాట్సుయి అని ఒక శిల్పి ఉన్నారు. ఘనాలో పుట్టారు, నైజీరియాలో న్సుక్కా విశ్వవిద్యాలయంలో చాలా కాలం పాఠాలు చెప్పారు. సారా సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి గోడంత వస్త్రాలు చేస్తారు. దూరం నుంచి చూస్తే జరీ చీర ఆరేసినట్టే ఉంటుంది. చుక్క జిగురు లేదు. అంతా కట్టడమే. కట్టినది కాబట్టి మడత పెట్టవచ్చు, ప్రతి ప్రదర్శనలోనూ వేరే రకంగా వేలాడదీయవచ్చు. ఎలా వేలాడదీయాలో అక్కడివారికే వదిలేస్తారట. చూడండి, కట్టినది విప్పవచ్చు, అతికించినది విప్పలేం. మేము పురికొస, పాత తీగ, సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసిన రబ్బరు, వీటితోనే కడతాం. జిగురు కాగితానికి మాత్రమే. అరవింద్ గుప్తా గారి పేరు మాస్టార్లు విని ఉంటారు. కాన్పూర్ ఐఐటీలో చదివి, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడులకు వెళ్లి, అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజాలు, ఇళ్లు కట్టించారు. ఆ వాల్వు ట్యూబు కిటుకు మేము ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి.

విప్పడం అన్నాను కదా. ఇక్కడే తల్లులతో నాకు పేచీ. నెలాఖరు ఆదివారం మా దగ్గర విప్పే రోజు. ఆ నెలలో చేసిన బొమ్మలకు ఫోటోలు తీస్తాం, పక్కింటివారిని పిలిచి చూపిస్తాం, తర్వాత విప్పేస్తాం. గుండీలు గుండీల పళ్లెంలోకి, మూతలు మూతల పళ్లెంలోకి. పిల్లలకు కట్టడం ఎంత ఇష్టమో విప్పడం అంతకు రెండింతలు ఇష్టం. 'అయ్యో, అంత కష్టపడి చేశాడు, ఇంటికి తీసుకెళతాం' అని అమ్మలు అంటారు. తీసుకెళ్లండి, పిల్లవాడు అడిగితే తీసుకెళ్లండి. అమ్మ అడిగితే మాత్రం ఇవ్వను. ఈ విషయంలో నేను మొండిదాన్నే. ఎందుకంటే, ఇంటికి వెళ్లిన బొమ్మ టీవీ పక్కన దుమ్ము పట్టి, దీపావళి శుభ్రతల్లో చెత్తలోకి వెళుతుంది. మన దగ్గర ఉంటే అదే గుండీ వచ్చే నెల ఇంకో బొమ్మకు కన్ను అవుతుంది.

పెద్ద పెద్ద శిల్పాలు చేసేవారు ఉన్నారు. మన తెనాలిలో ఇనుప తుక్కుతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు ఉన్నారు. ఢిల్లీలో 2019లో 150 టన్నుల తుక్కుతో ఏడు వింతల నమూనాలు కట్టి పార్కు పెట్టారు. చూడవలసినవే. కానీ అవి వెల్డింగు తెలిసినవారి పనులు, నిలబడవలసిన పనులు. ఆదివారం తరగతికి వాటిని కొలతగా పెట్టుకోకండి.

జాగ్రత్తలు గబగబా చెబుతాను. బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు, ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు, సూదులు, పురుగుమందుల డబ్బాలు బల్ల మీదికి రాకూడదు. గాజు ముక్కలు, మాత్రల అట్టల అంచులు కోస్తాయి, పెద్దలే ఏరి అంచులు మడిచి ఇవ్వాలి. థర్మోకోల్‌ను వేడి కత్తితో కోయకండి, ఆ పొగ మంచిది కాదు. ఏదైనా సరే ఇంట్లోనే కడిగి, ఎండబెట్టి తీసుకురావాలి. కడగని చిప్స్ పొట్లంతో చీమలు కూడా తరగతికి వస్తాయి.

రుసుము ఎంత అని అడుగుతారు. ఒక సంచి శుభ్రమైన సరుకు, అంతే. పురికొసకు, కత్తెరలకు ఎవరికి తోచింది వారు ఒక డబ్బాలో వేస్తారు. చోటు కమ్యూనిటీ హాలు వరండా. సరుకు దాచడానికి ఖాళీ సిమెంటు సంచులు గోడకు మేకులు కొట్టి వేలాడదీశాం, సంచి నిండిందంటే ఆ రకం ఇక వద్దని బోర్డు మీద రాస్తాం. ఇది తప్పనిసరి. లేకపోతే నా ఇల్లే తుక్కు దుకాణం అవుతుంది. మా ఆయన మూడో వరసలో కూర్చున్నారు, ఆయనను అడగండి.

మాట్లాడింది చాలు. బల్లల మీద పళ్లేలు ఉన్నాయి. వరస వరసగా రండి. ఒక్కొక్కరు రెండే వస్తువులు తీసుకోవాలి, మూడోది ముట్టుకోకూడదు. మాస్టారూ, మీరే ముందు రండి. రాదు అనకండి, నేను బొమ్మ వేయమనలేదు, రెండు వస్తువులు తీసుకోమన్నాను. ఆ మూత, ఇంకొకటి? ఆ తాళంచెవి. బాగుంది. ఇప్పుడు పక్కవారికి చూపించండి, అదేమిటో వారే చెబుతారు.